ఉనైజాలో మా ఆయన పేరు

బయల్దేరే ముందు

సౌదీ వెళ్ళొచ్చావంటగా, ఏం చూశావని మా వీధిలో అందరూ అడుగుతున్నారు. మక్కా మదీనాలకు మాలాంటివాళ్ళను రానివ్వరు. సముద్రం ఉన్న వైపు మేం వెళ్ళలేదు. ఒంటెల్ని కారు అద్దంలోంచి చూశాం, అవి మమ్మల్ని చూడలేదు. మరి అన్నాళ్ళు ఏం చేసొచ్చావే అంటే ఒక్క మాటలో చెప్పలేను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు మా ఆయన పేరు చెప్పాలి. చెప్పడమంటే ఇక్కడ రాయడమే. స్టనిస్లాసు. రాయడానికి నాకేం అభ్యంతరం లేదు. బడిలో టీచరుగా ఉన్నన్నాళ్ళూ భర్త పేరు అడిగిన ప్రతి కాయితం మీదా గుండ్రంగా రాశాను. నోటితో పలకడమే లేదు. మా గుంటూరు పల్లెల్లో నా ఈడు ఆడవాళ్ళు, హిందువులైనా కిరస్తానీలైనా, మొగుడి పేరు పలకరు. పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని మా అత్తగారు చెప్పేది. పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, నేనా మాట నమ్మను. నమ్మకపోయినా పలకను. ఒక్క పెళ్ళిరోజు మాత్రం తప్పలేదు. ఫాదరు గారు ముందు చెబుతుంటే, "లూర్దమ్మ అనే నేను స్టనిస్లాసు అనే నిన్ను" అని తల వంచుకుని గొణిగాను. ఆ తర్వాత కాపురమంతా 'ఏవండీ'తో గడిచిపోయింది.

ఆ పేరు మా వైపుది కాదు. ఈయన పుట్టిన వారంలో ఊరికొచ్చిన విదేశీ ఫాదరు గారు, పోలండు దేశపు పునీతుడి పేరని చెప్పి పెట్టి వెళ్ళారట. ఊళ్ళో చౌరయ్యలు, ఇన్నయ్యలు, రాయప్పలు వీధికి నలుగురున్నారు. స్టనిస్లాసు ఈయనొక్కరే. దాంతో చిన్నప్పటి నుంచీ ఓ గర్వం. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యారు. బస్సులో ఎవరైనా పేరడిగితే నిటారుగా నిలబడి చెప్పేవారట. "ఈ పేరు గలవాళ్ళం ప్రపంచంలో ఇద్దరమే. ఆ పునీతుడూ, నేనూ" అనేది ఈయన మాట. ఎదురు చెప్పేవాళ్ళు లేక అది అలాగే చెల్లిపోయింది.

మా అమ్మాయి విమల సౌదీలో ఉనైజా అనే ఊళ్ళో నర్సు. అల్లుడు జోజి అక్కడే ఖర్జూరం తోటల్లో పంపులు బాగుచేస్తాడు. వాళ్ళకు బాబు పుట్టాడు. మనవడికి తన పేరే పెట్టాలని ఈయన పట్టు. అటు తాత పేరు జోజి వాళ్ళ అన్న కొడుక్కి పెట్టేశారు గనక అటువైపు నుంచి పోటీ లేదు. పోటీకి నిలబడింది నేనే.

"వాడికి ఆ పేరు పెడితే నేనేమని పిలవాలి?" అన్నాను.

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలే" అన్నారు ఈయన.

అప్పుడు చూడ్డం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా వీధి చివరావిడ మనవడికి తాత పేరు పెట్టారు. ఆవిడ వాడిని 'పెద్దాయనా' అని పిలిచేది. బళ్ళో హాజరు పిలిచేదాకా వాడు తన పేరు పెద్దాయనే అనుకున్నాడు. నాకున్నది ఒక్కగానొక్క మనవడు. వాణ్ణి నోరారా పేరు పెట్టి పిలవకుండానే పోవాలా? ఈ గొడవ ఫోనులో తెగక, "మీరొచ్చాక తేలుద్దాం" అంది విమల. బిడ్డ పాస్‌పోర్టుకు పేరివ్వాలి గనక మేమక్కడ ఉండగానే తేలాలి.

రియాద్, మలాజ్

విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూసే కుర్రాడు మా ఆయన పుస్తకం తెరిచాడు. ఈయన నల్లటి మొహాన్నీ, ఆ పేరునూ మార్చి మార్చి చూశాడు.

"రూసీ?" అన్నాడు.

"నో రష్యా. గుంటూరు" అన్నారు ఈయన, రష్యాకు కాస్త తక్కువ చేసినట్టు.

ఆ తర్వాత నన్ను, "హస్బెండ్ నేమ్?" అని అడిగాడు. నేను వేలు చూపించాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ వేలే చూపించాను. అతను నవ్వి, "ఓకే బాబా, ఓకే మామా" అని ఇద్దరికీ ముద్ర కొట్టి పంపాడు. పేరు చెప్పకుండా దేశంలోకి వచ్చేసినందుకు నాకు లోపల కాస్త సంబరంగానే ఉంది.

మమ్మల్ని ఎక్కించుకున్నది ఖాజా. జోజికి స్నేహితుడు, రాయచోటి మనిషి, రియాద్‌లో డ్రైవరు. మలాజ్‌లో పాత మేడ మీద వాళ్ళ కాపురం. ఉనైజా వెళ్ళేలోపు మా మకాం అక్కడే. ఖాజా భార్య మాకు ఖుస్కా అన్నం, కుర్మా వండిపెట్టింది. పొద్దున పూట ఖాజా కింద పొయ్యి దగ్గర నుంచి తమీస్ రొట్టె తెచ్చేవాడు. చేటంత రొట్టె, చేతులు కాలుతుండగా చింపుకుని పప్పులో ముంచుకుని తినడమే. ఒక్క రొట్టె నలుగురికి సరిపోయింది. ఖరీదు రెండు రియాళ్ళు. ఈయన దాన్ని రూపాయల్లోకి మార్చి, మన హోటల్లో అట్టు ఖరీదుతో పోల్చి, అట్టులో చట్నీ కూడా వస్తుందని తేల్చారు. ఈ లెక్క లేకుండా ఈయనకు ముద్ద దిగదు.

సాయంత్రం ఓ పెద్ద సూపర్ మార్కెట్టుకు వెళ్ళాం. గోంగూర కట్టల దగ్గర నేను ఆగిపోయాను. తలెత్తి చూస్తే ఈయన లేరు. కాస్త గొంతు పెంచి, "ఏవండీ" అన్నాను. బియ్యం మూటల దగ్గర ఒకాయన, సబ్బుల దగ్గర ఒకాయన ఠక్కున తిరిగారు. ఒకాయనైతే బండి తోసుకుంటూ వచ్చేశారు కూడా. నన్ను చూసి, "అయ్యో, మా ఆవిడనుకున్నానండీ. మాది భీమవరం" అన్నారు. ఆయన వెనకాలే వాళ్ళావిడ వచ్చి నావంక అదోలా చూసింది. ఇంత జరుగుతుంటే మా ఆయన బిల్లు కట్టే వరుస దగ్గర నిలబడి మనుషుల్ని లెక్కపెడుతున్నారు.

ఖాజాకి ఈ సంగతి చెబితే పడీ పడీ నవ్వాడు. "అమ్మా, ఈడ మన తెలుగోళ్ళు శానామంది ఉండారు. అట్ల పిలిస్తే ఎవురు పలుకుతారో చెప్పలేం. సార్‌ని పేరు పెట్టి పిలువు" అన్నాడు.

"నీ భార్య నిన్ను పేరు పెట్టి పిలుస్తుందా?" అన్నాను.

లోపల నుంచి ఆ పిల్ల కిసుక్కున నవ్వింది. ఖాజా మాట మార్చాడు.

సులైలో స్టానీ

ఉనైజాకు బయల్దేరిన పొద్దున కారులో ఏసీ మొరాయించింది. ఆ ఎండలో ఏసీ లేకుండా దారిలో దిగితే మేమే ఎండు ఖర్జూరాలమవుతామని ఖాజా ముందు సులైకి తిప్పాడు. అటంతా గోదాములు, లారీలు, షెడ్లు. ఓ షెడ్డులోంచి మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. యాభై దాటిన మనిషి, మంగళూరు.

"స్టానీ భాయ్, ఈ అమ్మావాళ్ళని జల్దీ పంపించాల" అన్నాడు ఖాజా.

మా ఆయన చెవులు నిక్కపొడుచుకున్నాయి. "స్టానీ అంటే ఏంటి పూర్తి పేరు?" అని తనకొచ్చిన హిందీలో అడిగారు.

"స్టనిస్లాస్" అన్నాడతను, మన రామారావన్నంత మామూలుగా.

ఈయన మొహం చూసి తీరాలి. గుండె మీద చెయ్యి వేసుకుని, "మై భీ" అన్నారు. ఆ స్టానీ ఎగిరి గంతేస్తాడనుకున్నారు కాబోలు. అతను, "అచ్ఛా" అని బానెట్టు ఎత్తాడు.

ఆ తర్వాత పని చేస్తూనే చెప్పుకొచ్చాడు. వాళ్ళ నాన్న స్టనిస్లాస్. మేనమామ స్టనిస్లాస్. పక్కింట్లో తండ్రీ కొడుకులిద్దరూ స్టానీలే, పెద్ద స్టానీ, చిన్న స్టానీ. "మా చర్చి ముందు నిలబడి రాయి విసిరితే ఎవడో ఒక స్టానీకి తగుల్తుంది అంకుల్" అన్నది అతని హిందీ మాటల సారాంశం. ఈయన బల్ల మీద కూర్చుని పాలు లేని సులైమానీ టీ చల్లారబెట్టుకున్నారు. నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. ఇద్దరమే అన్న లెక్క ఆ షెడ్డులోనే తప్పిపోయింది.

కారెక్కాక ఈయన ఓ నిర్ణయానికొచ్చారు. "వాళ్ళది స్టానీ. సగం పేరు. పూర్తిగా వాడేది నేనొక్కణ్ణే."

"మిమ్మల్ని పూర్తిగా ఎవరు పిలుస్తున్నారు?" అన్నాను, ఎగతాళికే.

ఈయన కిటికీలోంచి ఇసుక చూస్తూ కూర్చున్నారు. అదెందుకో అప్పుడు నేను పట్టించుకోలేదు.

దారంతా చదునైన రోడ్డు. అక్కడక్కడా కంచెల వెనక ఒంటెలు. పెట్రోలు బంకు దగ్గర ఆగితే చాలు, ఈయన ముందు దిగి, నేను ఎక్కిందాకా నిలబడి, కారు తలుపు మీద రెండు దెబ్బలు వేసి అప్పుడు ఎక్కేవారు. బండి మీద తట్టందే కదలదని ఈయన నమ్మకం. ఖాజా ఏమీ అనలేదు. మూడో బంకు దాటాక, ఆ తట్టుడు కోసం అతనూ ఆగడం మొదలుపెట్టాడు.

ఉనైజాలో ఉమ్ సాలిహ్

మనవణ్ణి చూశాను. ఆ సంగతి రాయడం మొదలుపెడితే ఇక ప్రయాణం ముందుకు సాగదు. ముక్కు మాత్రం తాతదే, ఆ విషయంలో ఎవరికీ గొడవ లేదు.

పేరు గొడవ మర్నాడే మొదలైంది. జోజి మనసులో ఇంకో పేరుంది. రేయాన్. ఇక్కడా పలుకుతారు, మన దగ్గరా పలుకుతారు, అందంగా ఉందని అతని వాదన.

"రేయానా? అది చీర గుడ్డ కాదూ?" అన్నారు మా ఆయన.

"మావయ్యా, మంచి పేరు అది. స్వర్గానికి ఓ గుమ్మం పేరంట ఇక్కడోళ్ళకి."

"గుమ్మం పేరు పిల్లాడికి పెడతారా? రేపు ఇంకోడు పుడితే కిటికీ అంటావా?"

విమల తల పట్టుకుంది. "నాన్నా, నాకు నీ పేరంటే ఇష్టమే. కానీ అమ్మ పిలవలేదు. అమ్మ ఒప్పుకుంటే పెట్టేద్దాం."

అందరూ నావంక చూశారు. నేను బిడ్డ దుప్పటి సర్దుతూ కూర్చున్నాను. ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. ఆ గడుసుదనం నాకు పుట్టుకతో వచ్చింది.

విమలావాళ్ళు ఉండేది ఓ సౌదీ కుటుంబం మేడ మీద. కింది ఇంటావిడ నన్ను కాఫీకి పిలిచింది. చదువుకున్న పెద్దావిడ, నా ఈడుదే. గుమ్మం లోపలికి వెళ్ళగానే మొహం మీది ముసుగు తీసి నా రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది. పచ్చటి కాఫీలో యాలకుల వాసన, పక్కనే కిలేజా అని బెల్లపు పాకం లాంటి ఖర్జూరపు పాకం పెట్టిన బిళ్ళలు. మన కజ్జికాయల్ని అణగ్గొడితే అలా ఉంటాయి. నేను రెండు తిన్నాను. ఆవిడ నాలుగు చేతిలో పెట్టి పంపింది.

ఆవిడ పేరేంటని విమలనడిగాను. "ఉమ్ సాలిహ్" అంది విమల. అంటే సాలిహ్ తల్లి. ఆవిడ భర్త అబూ సాలిహ్, సాలిహ్ తండ్రి. సొంత పేర్లున్నాయి గానీ వాడరట. నన్ను చూసి ఆవిడ, "ఉమ్ విమలా" అంది. మా ఆయన ఆ ఇంట్లో 'అబూ విమలా' అయిపోయారు.

"మీ ఆయన్ని మీరేమని పిలుస్తారు?" అని విమల చేత అడిగించాను.

"అబూ సాలిహ్ అనే. పేరు పెట్టి పిలిస్తే ఆయన జడుసుకుంటాడు" అందట ఆవిడ. ఆపైన గొంతు తగ్గించి, "మా మగవాళ్ళు బయట మా పేర్లు చెప్పరు. తల్లి పేరైనా, భార్య పేరైనా. మీ దగ్గర?" అని అడిగింది.

మా దగ్గర మేమే వాళ్ళ పేర్లు పలకం అని చెప్పించాను. ఆవిడ, "అయితే మీరు మాకంటే నయం" అని పకపకా నవ్వింది. ఇంత దూరం వచ్చి, నా పద్ధతికి తోడు దొరికిందని నేను మేడెక్కుతూ పొంగిపోయాను. ఈయనకు చెబితే మాత్రం నవ్వలేదు.

ఖర్జూరాల సంత

మేము వెళ్ళింది ఖర్జూరాల కాలం. ఉనైజా సంత చూడకపోతే ఊరు చూసినట్టు కాదని జోజి ఓ పొద్దున్నే మమ్మల్ని తీసుకెళ్ళాడు. దగ్గరి తోటలో పంపు చూసుకుని గంటలో వస్తానని దించి వెళ్ళాడు. ఎండ పడకముందే సంత నిండిపోయింది. పికప్ బండ్లు బారులు తీరి ఉన్నాయి. వెనక భాగం నిండా అట్టపెట్టెలు, వాటిల్లో సుక్కరీ అనే తేనె రంగు ఖర్జూరాలు. ఒక్కో బండి దగ్గరా దల్లాలు, అంటే దళారి, నిలబడి మైకులో వేలం పాట పాడుతున్నాడు. మన దుగ్గిరాల పసుపు వేలం గుర్తొచ్చింది. కొనకపోయినా రుచి చూడమని చేతిలో పెడుతున్నారు. పెట్టె ఇరవై నుంచి ముప్పై రియాళ్ళ దాకా పలుకుతోంది. రూపాయల లెక్క చెప్పడానికి ఈయన పక్కన లేరని నాకు అప్పుడు తెలిసింది.

కాసేపు చూశాను. ఫోను చేద్దామంటే ఆయన ఫోను నా సంచీలోనే ఉంది. ఎక్కడ పడితే అక్కడ మర్చిపోతారని నేనే తీసి పెట్టాను. జోజికి చేశాను, పంపు మోతలో ఎత్తలేదు. ఎండెక్కింది. ఈయనకు షుగరు. పొద్దున మాత్ర వేసుకున్నారు, వచ్చి తిందాంలే అని ఏమీ తినకుండా బయల్దేరారు. అది గుర్తొచ్చేసరికి బండ్ల మధ్య అటూ ఇటూ పరుగులాంటి నడక నడిచాను. తెల్ల చొక్కా, నెరిసిన తల కనబడిన చోటల్లా ఆగాను. ఒక్కరూ ఆయన కాదు.

పెట్టెలు మోసే ఒక బంగ్లాదేశీ నా వాలకం చూసి ఆగాడు. "క్యా హువా అమ్మా?"

మా ఆయన కనబడ్డం లేదని వచ్చీరాని హిందీలో చెప్పాను.

"నామ్ బోలో. మైక్ మే బులాయేగా."

పేరు చెబితే మైకులో పిలిపిస్తాడట. నేను నోరు తెరిచాను. వేలు చూపిద్దామంటే ఆయన లేరు. అతను మళ్ళీ అడిగాడు. నేను అతని జేబులోని మార్కరు తీసుకుని ఓ అట్టపెట్టె మూత మీద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను. అతను దాన్ని తిప్పి తిప్పి చూసి దల్లాలుకు ఇచ్చాడు. దల్లాలు తెల్ల గడ్డపు పెద్దమనిషి. ఆయన కూడా దాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు.

"అమ్మా, అప్నా ఆద్మీకా నామ్ నహీ మాలూమ్?" అన్నాడు బంగ్లాదేశీ, నిజంగా జాలిపడుతూ.

ఇన్నేళ్ళు కాపురం చేసి మొగుడి పేరు తెలియని మనిషినయ్యాను ఆ సంతలో. దల్లాలు వేలం ఆపేశాడు. "తఫద్దలీ యా ఖాలా" అంటూ మైకు నా మూతి దగ్గర పెట్టాడు. నువ్వే పిలుచుకో పిన్నీ అన్నట్టు.

"ఏవండీ" అన్నాను.

సంతంతా మోగింది. నాలుగైదు బండ్ల అవతల, పెట్టెల వెనక నుంచి, టీ కొట్టు దగ్గర నుంచి తలలు లేచాయి. మనవాళ్ళు. అందరూ పెళ్ళాలు ఎక్కడున్నారో వెతుక్కుంటున్నారు. మా ఆయన తల వాటిల్లో లేదు.

ఎక్కడో పడిపోయి ఉంటారన్న భయం పట్టుకుంది. ఆ భయం ముందు మిగతావేవీ ఆగలేదు. కళ్ళు మూసుకున్నాను.

"స్టనిస్లాసు గారూ" అన్నాను. సరిగ్గా వినబడలేదేమో అనిపించింది. ఈసారి గారు కూడా లేకుండా, మా అత్తగారు వీధి చివరికి వినబడేలా పిలిచేదే, అలా దీర్ఘం తీసి పిలిచాను. "స్టనిస్లాసూ..."

సంత అవతలి అంచు నుంచి, బండ్లన్నిటికీ అవతల నుంచి, మనిషి కనబడకముందే గొంతు వినబడింది. "ఆఁ, వస్తన్నా."

ఇద్దరు వచ్చారు

ముందు వచ్చింది మా ఆయన కాదు. ఎర్రగా, ఆరడుగుల పైన ఉన్న ఒక తెల్లాయన చంకలో రెండు పెట్టెల సుక్కరీతో వచ్చి, "నన్ను పిలిచిందెవరు?" అని ఇంగ్లీషులో అడిగాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయన వెనకాలే చెమటతో తడిసిపోయి మా ఆయన వచ్చారు.

జరిగింది ఇదీ. ఓ పికప్ వెనక్కి రావడానికి ఇబ్బంది పడుతోందట. ఈయన చెయ్యి ఊరుకోలేదు. బండి పక్కన తట్టి, "రానీ, రానీ, రైట్, రైట్, హోల్డాన్" అని దాన్ని వరుసలో పెట్టించారు. అది చూసి వెనకాల బండివాడు ఆగాడు. దాన్నీ పెట్టించారు. అలా ఒక్కో బండీ పెట్టించుకుంటూ సంత చివరి దాకా వెళ్ళిపోయారు. వాళ్ళకు తెలుగు రాదు, ఈయనకు అరబ్బీ రాదు. అయినా ఒక్క బండీ గీసుకోలేదని ఈయన గర్వం. దారిలో పెట్టిన ఖర్జూరాలు తింటూ తిరిగారట, షుగరు పడిపోయే మాటే లేదు. నేనొక్కదాన్నే చచ్చి బతికాను.

తిడదామని నోరు తెరిచాను. ఈయన నాకు కాస్త దూరంలో ఆగిపోయారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడి, "ఇంకోసారి అను" అన్నారు.

"ఎండలో చస్తారు, పదండి" అన్నాను.

తెల్లాయన మమ్మల్ని టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టాడు. పోలండు మనిషి, అక్కడ నీళ్ళ బోర్లు వేసే పనిలో ఇంజనీరు. పేరు మా ఆయనదే, పలకడం వాళ్ళ పద్ధతిలో స్తనిస్వాఫ్. వాళ్ళ దేశంలో ఆ పేరు తాతలదట, మధ్యలో పాతబడి, ఇప్పుడు మళ్ళీ పసిపిల్లలకు పెడుతున్నారట. పుట్టినరోజు కన్నా పేరు పండుగ పెద్దదట. పేరుకు అర్థమేంటని ఈయన అడిగారు. అరవై దాటినా ఈ ప్రశ్న అడగడం ఇదే మొదలు.

"నిలబడి కీర్తి తెచ్చుకునేవాడు అని మా నాన్న చెప్పేవాడు" అన్నాడాయన.

"కండక్టరుగా ఉద్యోగమంతా నిలబడే చేశాను" అన్నారు ఈయన నాతో. "కీర్తే రాలేదు."

"ఇప్పుడు వచ్చిందిగా, సంతంతా మోగింది" అన్నాను.

లేచేటప్పుడు ఆ పోలండాయన ఈయన చెయ్యి ఊపుతూ, నాలుగుసార్లు ఆ పేరు పెట్టి పిలిచాడు. ఈయన ప్రతిసారీ పలికారు.

పేరు తేలింది

జోజి కారులో ఇంటికొస్తుంటే ఈయన తనంత తానే అన్నారు. "మా అమ్మ పోయాక నన్ను ఆ పేరుతో పిలిచినవాళ్ళు లేరే. డిపోలో కండక్టరు గారు. ఇంట్లో ఏవండీ. పిల్లకు నాన్న, ఇతనికి మావయ్య. ఇక్కడికొస్తే సార్, అంకుల్, అబూ విమలా. పిల్లాడికి పెడితే రోజూ ఇంట్లో ఎవరో ఒకరు పిలుస్తారు, నా చెవినపడుద్దని."

నేను ఎదురుగా ఉన్న సీటు వీపు వంక చూస్తూ కూర్చున్నాను. ఈయన పేరు మీద మోజంతా గొప్ప కోసమనుకున్నాను ఇన్నాళ్ళూ. జోజి అద్దంలోంచి నన్ను చూసి, రోడ్డు వైపు తిరిగిపోయాడు.

మేడెక్కాక నేనే చెప్పాను. "విమలా, నాన్న పేరే పెట్టండి. నోటికి పడింది, ఇక పిలుస్తాను."

మా ఆయన బిడ్డను ఒళ్ళోకి తీసుకుని ముక్కు చూసుకుంటున్నారు. "వద్దులే. రేయానే పెట్టుకోండి" అన్నారు.

"నాన్నా, అది చీర గుడ్డన్నావుగా" అంది విమల.

"మంచి గుడ్డే. ఉతికితే పోదు." బిడ్డను నా చేతికిస్తూ, "ఇంట్లో ఇద్దరుంటే మీ అమ్మ పిలిచినప్పుడు ఎవరు పలకాలో తెలీదు. నా పేరు నాకుండనీ" అన్నారు.

సాయంత్రం ఉమ్ సాలిహ్ రేయాన్ పేరు విని కళ్ళకద్దుకున్నంత పని చేసింది. సంత కథ కూడా విమల చెప్పింది. ఆవిడ నా వంక చూసి వేలు ఊపి, "ఉమ్ విమలా, నాకు తోడు లేకుండా చేశావు" అంది.

తిరుగు ప్రయాణం

రియాద్‌లో విమానం ఎక్కే గేటు దగ్గర జనం లేచి వరుస కడుతున్నారు. ఈయన కుర్చీలో కూర్చుని వాళ్ళను లెక్కపెడుతున్నారు. నేను సంచులు సర్దుకుని వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఏవండీ, పిలుస్తున్నారు" అన్నాను.

కదల్లేదు. "ఏవండీ" అన్నాను ఇంకాస్త గట్టిగా. పక్క కుర్చీలోని తెలుగు కుర్రాడు, "అంకుల్, ఆంటీ పిలుస్తున్నారండి" అన్నాడు.

"ఎవర్నో?" అన్నారు ఈయన, నన్ను చూడకుండానే.

సంతలో వచ్చిందంటే భయంతో వచ్చింది. ఇక్కడ భయం లేదు, మైకు లేదు, ఫాదరు గారూ లేరు. ఉత్తినే, ఊరికే పిలవాలి. అటూ ఇటూ చూశాను. మా ఊరివాళ్ళు ఎవరూ లేరు.

"స్టనిస్లాసు గారూ, లేవండి" అన్నాను.

నేను ఆయన పక్కనే, భుజానికి భుజం తగిలేంత దగ్గర్లో నిలబడి ఉన్నాను. అయినా వీధి చివర నుంచి వాళ్ళమ్మకు బదులు చెప్పినట్టు, వరుసలో వాళ్ళంతా వెనక్కి తిరిగేలా, "ఆఁ, వస్తన్నా" అని కేకేశారు.